ముప్పై ఐదు దాటాక పతకం

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు మన పెద్దలు. ముప్పై ఎనిమిదో ఏట పరుగు పందేనికి పేరిచ్చిన నాకు ఈ సామెత ఎంతమంది వినిపించారో లెక్కలేదు. పెద్దల మాటను కాదనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మాను ఎంతవరకు వంగుతుంది, వంగినందుకిచ్చే పతకానికి విలువెంత అన్నది విచారించడమే నా ఉద్దేశం.

మాది కంభం పక్కన పల్లె. డిగ్రీ అయ్యాక మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పదేళ్ళకు పైగా పనిచేసి, ఆలస్యంగా ఈ కళాశాలలో ఎం.ఏ.లో చేరాను. తరగతిలో మంచివాళ్ళు 'అన్నా' అంటారు, కొంటెవాళ్ళు 'బాబాయ్' అంటారు. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా తెల్లవారుజామున కంభం చెరువు కట్ట మీద పరుగెత్తడం అలవాటైంది. రెండు కొండల నడుమ కట్ట అది. పొడవు తక్కువ గనుక మాటిమాటికీ వెనక్కు తిరగాలి. ఆ తిరగడంలోనే మోకాలి నొప్పి పట్టుకుంది.

నిరుడు వెటరన్ల పోటీలో 1500 మీటర్లు పరుగెత్తి రజత పతకం తెచ్చాను. ఇంట్లో అడుగుపెట్టగానే మా అమ్మ అడిగింది:

"ఎంతమంది ఉరికినారు నాయనా?"

"ఇద్దరమేనమ్మా."

"అంటే కడాన వచ్చినట్టే గదరా!"

ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పతకాన్ని ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టేశాను. తర్వాత మన గ్రంథాలయంలో కూర్చుని ఈ సంగతి చదవడం మొదలుపెట్టాను.

వయసు మళ్ళినవారి అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలు మొదటిసారి 1975లో టొరంటోలో జరిగాయి. 35 ఏళ్ళు నిండినవారిని అయిదేళ్ళకొక వర్గంగా విడదీస్తారు. గుండు బరువు కూడా వయసును బట్టి మారుతుంది. పురుషులకు 49 ఏళ్ళ దాకా 7.26 కిలోలు, 50 నిండితే 6, 60కి 5, 70కి 4, 80కి 3 కిలోలు. చూసేవారికి ఇది వృద్ధుల మీద జాలి అనిపించవచ్చు. కాని కారణం శరీరంలో ఉంది. ముప్పై దాటాక, వ్యాయామం లేనివారిలో శ్రమపడేటప్పుడు ప్రాణవాయువును వాడుకునే శక్తి పదేళ్ళకు సుమారు 10 శాతం చొప్పున తగ్గుతుంది. సాధన చేసేవారిలో ఆ తరుగుదల తక్కువ. అంటే మాను వంగుతుంది, నెమ్మదిగా, కొంతవరకు.

మరి పోటీదారులే లేకపోతే? 2017లో ఆక్లాండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో పంజాబుకు చెందిన మన్ కౌర్ 101 ఏళ్ళ వయసులో 100 మీటర్లను 74 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం పొందింది. ఆమె పరుగు మొదలుపెట్టింది 93వ ఏట. ఆ వర్గంలో పోటీకి దిగింది ఆమె ఒక్కతే! మా అమ్మ లెక్కన ఆమె మొదటా తనే, కడానా తనే. అయినా ఆ 74 సెకన్లు అబద్ధం కావు గదా.

మంచు మీద చేసే ఫిగర్ స్కేటింగ్ చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. మన మార్కాపురం ఎండల్లో మంచు మీద ఆట అంటే నవ్వొస్తుంది. కాని చక్రాల బూట్ల మీద అలాంటి విన్యాసాలే చేసి, హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచాడు. మంచు ఆటలో పెద్దవాళ్ళకు వేరే పోటీలున్నాయి. జర్మనీలోని ఓబర్స్‌డార్ఫ్‌లో 2005 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ పోటీకి 28 ఏళ్ళు నిండినవారు అర్హులు. అక్కడ వయసును బట్టే గాక నేర్పును బట్టి కూడా తరగతులుంటాయి. న్యాయనిర్ణేతలు అంశాలకూ ప్రదర్శనకూ మార్కులు వేస్తారు. ఒక్కడే దిగినా మార్కులు మార్కులే. పక్కవాడు రాలేదని అవి పెరగవు.

పరుగులోనూ ఇలాంటి పద్ధతి ఉంది. ఆ వయసుకు నిర్ణయించిన ఉత్తమ కాలంతో మన కాలాన్ని పోల్చి శాతం కడతారు. ఉదాహరణకు ప్రమాణం 4 నిమిషాలై, మనకు 5 నిమిషాలు పడితే 80 శాతం.

ఇదంతా చదివాక నాకు తోచింది ఒక్కటే. పతకం పక్కన మూడు అంకెలు రాసుకోవాలి: పాల్గొన్నవారి సంఖ్య, మన కాలం, అంతకుముందటి కాలం. నా అంకెలు ఇవి: ఇద్దరు, 6 నిమిషాల 20 సెకన్లు, 7 నిమిషాల 5 సెకన్లు. మొదటి అంకె చూసి సిగ్గుపడ్డాను గాని, చివరి రెండూ చూసి పతకం మళ్ళీ బయటికి తీశాను.

ఆలస్యంగా మొదలుపెట్టేవారికి ఒక హెచ్చరిక. ఊపిరి, కండ త్వరగానే దారికొస్తాయి. స్నాయువులు ఆలస్యంగా వస్తాయి. నేను ఊపిరిని నమ్మి మోకాలు చెడగొట్టుకున్నాను. ముందు వైద్యునికి చూపించుకోండి, వారంలో రెండు రోజులు విశ్రాంతినివ్వండి.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక విన్నపం. వచ్చే వార్షిక క్రీడల్లో 35 దాటిన అధ్యాపకులకూ, సిబ్బందికీ, నాలాంటి ముదురు విద్యార్థులకూ ఒక పరుగు పెట్టండి. ఫలితాల పట్టికలో ఎంతమంది పాల్గొన్నారో, ఎవరికెంత కాలం పట్టిందో కూడా అచ్చువేయండి. మొదటి పేరు నాది రాసుకోండి. దయచేసి మరో ముగ్గురైనా ముందుకు రండి. మా అమ్మకు లెక్క చెప్పాలి.