మబ్బు చాటున మునిగిన చేను

2022 జులై 16వ తేదీన భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరద వచ్చిన తరువాత అక్కడ నీరు అంత ఎత్తునకు లేచుట అదియే. ఇట్టి దినములలో ఆకాశము మబ్బు కమ్మియుండును. ఉపగ్రహము నుండి సామాన్యమైన కెమెరాతో ఫోటో తీసినచో మబ్బులే కనుపించును గాని మునిగిన చేలు కనుపించవు. ఏ ఊరి పొలము ఎంత మేర మునిగినదో వెంటనే తెలియవలసిన సమయమున ఇది పెద్ద చిక్కు.

ఈ చిక్కును రాడారు చాలవరకు తీర్చుచున్నది. దాని కీలకము గ్రామస్థులు ఎరుగనిది కాదు. వాన వెలిసిన రాత్రి టార్చిలైటు ముందుకు వేసికొని నడచునపుడు గరుకు నేల తెల్లగాను, నీరు నిలిచిన గుంట నల్లగాను కనుపించును. ఆ నలుపును చూచి గట్టినేల యనుకొని బురదలో కాలు పెట్టినవారు ఎందరో కలరు. మేమును అందులోని వారమే. గరుకు నేలకు తగిలిన వెలుతురు నలుదెసలకు చెదరి, అందులో కొంత మన కంటికి తిరిగి వచ్చును. నిలుకడ నీరు అద్దము వంటిది. ఏటవాలుగా పడిన వెలుతురును ఆవలికి త్రోసివేయునే గాని వెనుకకు పంపదు.

రాడారు ఉపగ్రహము కూడ తన దీపమును తానే తెచ్చుకొనును. రేడియో తరంగమును ఏటవాలుగా నేలపైకి పంపి, తిరిగి వచ్చిన పాలును కొలుచును. తరంగము ఇట్లు చెదరుటను శాస్త్రజ్ఞులు పరిక్షేపణమందురు. మబ్బులోని నీటి తుంపరలు వెంట్రుక మందము కంటె చిన్నవి; ఈ తరంగము పొడవు అంగుళములలో ఉండును. అందుచేత అది మబ్బును లెక్కచేయక దాటిపోవును. రాత్రియైనను దానికి పగలే.

1986 నాటికి మన దేశమునకు ఇట్టి ఉపగ్రహము లేదు. 2012 ఏప్రిల్ 26న రిశాట్-1, 2022 ఫిబ్రవరి 14న ఇ.ఓ.ఎస్.-04 శ్రీహరికోట నుండి వెడలినవి. వీని తరంగము సుమారు ఐదున్నర సెంటీమీటర్లు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారు వరదకు ముందటి చిత్రమును, వరదనాటి చిత్రమును పోల్చి, చెరువులను విడదీసి, క్రొత్తగా నల్లబడిన భాగమును వరదగా గుర్తించి పటములు సిద్ధపరచుచున్నారు.

అయినను నలుపు అంతయు నీరు కాదు, నీరంతయు నలుపును కాదు. నున్నని తారురోడ్డు నల్లగా ఉండును. గాలికి అలలు లేచిన నీరు తెల్లబడును. అన్నింటికంటె చిక్కైనది నిలువు వరిచేను. మడిలో నీరుండి దుబ్బులు పైకి కనుపించుచున్నచో, తరంగము నీటికి తగిలి, అచటినుండి కాడలకు తగిలి, రెండు దెబ్బలు తిని వెనుకకు వచ్చును. అపుడు మునిగిన చేనే మామూలు కంటె తెల్లగా కనుపించవచ్చును! 2025 జులై 30న భారత, అమెరికా దేశములు కలిసి పంపిన నిసార్ ఉపగ్రహములో జానెడు పొడవుగల తరంగము కూడ కలదు. అది ఆకులను దాటి లోనికి మరింతగా చొరగలదు.

నిసార్ ఒకే బాటను మరల త్రొక్కుటకు 12 దినములు పట్టును. రెండు చిత్రముల నడుమ వచ్చి తీసిపోయిన నీరు ఏ చిత్రములోను పడకపోవచ్చును. కనుక చేనిలోనికి నీరు వచ్చిన తేదీ, తీసిన తేదీ, అప్పటికి పైరు దుబ్బు కట్టుచున్నదో, పొట్టమీద నున్నదో రైతులు వ్రాసియుంచుకొని, పంటనష్టము లెక్కకు వచ్చిన ఉద్యోగికి చూపవలెను.