ఇంటినుండి కొలువు: అడుగవచ్చునా?

ప్రశ్న: పుత్తూరులో ప్రైవేటు సంస్థలో లెక్కలు వ్రాయుచున్నాను. తొలి కాన్పు. సెలవు తీరిన పిదప, పసిబిడ్డను విడిచి తెల్లవారుబస్సు పట్టక, ఇంటినుండి పని అడుగవచ్చునా?
– ఒక సోదరి, కార్వేటినగరం

జవాబు: అమ్మా, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించినప్పుడు, కాన్పునకు ముందటి 12 మాసములలో 80 దినములైనను పనిచేసిన స్త్రీకి, ఇద్దరు బిడ్డల వరకు, వేతనముతో కూడిన సెలవును 12 వారములనుండి 26కు పెంచుటయే గాక, పని స్వభావ మనుకూలించినచో యజమానితో ఒప్పందముమీద ఇంటినుండి పనిచేయు వెసులుబాటును గూడ చేర్చిరి. 'ఒప్పందముమీద' అన్న మాటలోనే చిక్కంతయు నున్నది. అది హక్కు గాదు, విన్నపమే. కనుక నోటిమాటతో సరిపెట్టక కాగితముపై వ్రాసి యిచ్చి, నకలు బీరువాలో దాచుకొనుడు. యజమాని ఒప్పుకొనకున్నను, సంస్థలో 50 మందియైనను ఉన్నచో శిశుశాల యుండవలెను. దినమునకు నాలుగుమార్లు పోయి బిడ్డను చూచుకొనవచ్చును, దానిని యజమాని కాదనరాదు.