రక్తము చెప్పు సాక్ష్యము

మన యిండ్లలో "ఈ పండు నాకు పడదు" అను మాట తఱచుగ వినబడును. తిన్నచో కడుపుబ్బరమని ఒకడు చెప్పును. జలుబు చేయునని మఱియొకని నమ్మకము. కొందఱికి మాత్రము పండు కొఱికిన కొన్ని నిమిషములలోనే పెదవులు దురదపెట్టి, నాలుక వాచి, ఒడలెల్ల దద్దురులు లేచును. దీనిని వైద్యులు అలెర్జీ యందురు. మనలను రోగములనుండి కాపాడవలసిన శక్తులే నిరపాయమైన పండును శత్రువుగా భ్రమించుట దీనికి కారణము.

ఈ భ్రమకు మూలము రక్తమునందున్నదని ఒక సాహసకార్యము వలన తెలిసెను. నాటి జర్మనీ దేశములోని బ్రెస్లౌ నగరమున ప్రౌస్నిట్జ్, క్యూస్ట్నర్ అను వైద్యులుండిరి. క్యూస్ట్నరునకు చేప పడదు. ప్రౌస్నిట్జ్ ఆతని రక్తరసమును కొద్దిగా తన చర్మములోనికి ఎక్కించుకొనెను. మఱునాడు అచ్చోటనే చేపసారమును ఎక్కించుకొనగా దద్దురు లేచెను. దోషము మిత్రుని రక్తరసముతో వచ్చినదని తేలెను. 1921లో వారీ సంగతిని ప్రకటించిరి. చేపకైనను పండునకైనను రీతి యొక్కటియే.

ఆ రక్తములోని పదార్థమేదియో తెలియుటకు నలువది యేండ్లకు పైగా పట్టెను. 1966లో అమెరికాయందు ఇషిజాకా దంపతులును, 1967లో స్వీడనునందు యోహాన్సన్, బెన్నిక్ అనువారును దానిని వేర్వేరుగ గుర్తించిరి. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ యని పేరిడిరి. దానితో రక్తపరీక్షకు దారి యేర్పడెను. పండులోని మాంసకృత్తులను ఒక ఘనపదార్థమునకు అంటించి, దానిపై రోగి రక్తరసమును పోయుదురు. ఆ పండుపై పగబూనిన ప్రతిరక్షకములున్నచో అవి అంటుకొనును. తక్కినవి కడుగగా పోవును. అంటుకొన్నవానిని కొలుతురు. రోగి ఆ పండును నోటబెట్టవలసిన పని లేదు.

అయినను ఈ సాక్ష్యమును తొందరపడి నమ్మరాదు. ఉత్తర ఐరోపాలో బర్చి వృక్షములు మెండు. మన పూర్వులు వ్రాతకు వాడిన భూర్జము ఈ జాతిదే. బర్చి పుప్పొడి పడనివారిలో పలువురకు వండని ఆపిలు తిన్నచో నోరు దురదపెట్టును. పుప్పొడిలోని మాంసకృత్తును బోలినది ఆపిలునందును కలదు. అది వేడికి చెడును. కనుక వారిలో పెక్కురు ఉడికిన ఆపిలును సుఖముగా తినగలరు. మఱికొందఱి రక్తమున ఆ ప్రతిరక్షకములుండియు, పండు తిన్నను ఏ బాధయు కలుగదు. కాగితము చూచి అట్టివారిచే పండు మాన్పించుట అన్యాయము. మామిడిసొన తగిలి రేగు పొక్కులు ఈ ప్రతిరక్షకముల పని కాదు. అవి ఈ పరీక్షకు చిక్కవు.

కావున వివేకియగు వైద్యుడు ముందుగా ప్రశ్నించును: ఏ పండు? వండినదా, వండనిదా? తిన్న యెంతసేపటికి ఏమి జరిగెను? సందేహము తీరనిచో వైద్యశాలలో తన కనుసన్నలలో కొద్దికొద్దిగా తినిపించి చూచును. ఈ పని యింట చేయరాదు; ఊపిరాడక ప్రాణాపాయము కలుగవచ్చును.

విద్యార్థులారా! మీ తోటివాడు "ఈ పండు నాకు పడదు" అన్నపుడు పరిహసించి బలవంతపెట్టకుడు. రక్తము చెప్పునది సాక్ష్యము మాత్రమే. తిన్నవాని అనుభవమును గూడ విని తీర్పు చెప్పవలయును.