చిల్లర సొమ్ము – సేద్యమునకు ఆదరువు



సేద్యములో రాబడి పంటకొకసారి వచ్చును. ఖర్చు దినదినము ఉండును. దొర్నిపాడు ప్రాంతములో కె.సి. కాలువ కింద వరి వేసినను, నల్లరేగడి మెట్టలో శనగ వేసినను, పంట అమ్మిన నాడు చేతిలో సొమ్ము ఆడును. నాలుగు నెలలు గడుచునప్పటికి పురుగుమందు డబ్బా కొనుటకు అప్పు వెదకవలసి వచ్చును. ఇటువంటి చిన్న అవసరములకు పెద్ద నిధి అక్కరలేదు. ఇంటిలో లెక్కకు రాకుండ జారిపోవు చిల్లర చాలును.

చిల్లర లెక్క

దినమునకు 10 రూపాయలు తీసి ఉంచిన ఏడాదికి 3,650 రూపాయలగును. ఇది ఎకరా పెట్టుబడికి చాలదు. పెట్టుబడికి బ్యాంకు పంట రుణమే తగినది. కాని వరిలో కాండము తొలుచు పురుగు కనబడిన వారములోనే మందు కొనవలెను. ఆ వారములో చేత సొమ్ము లేనివారు 3,500 రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిరనుకొందము. నెలకు 70, ఆరు నెలలకు 420 రూపాయలు వడ్డీ అగును. అనగా 42 దినముల పొదుపు వడ్డీ కిందనే పోవును. చిల్లర పొదుపు వలన కలుగు నిజమైన లాభము ఈ వడ్డీ తప్పుటయే.

చిల్లర ఎక్కడ దొరుకును?

ముందుగా జేబులు, సంచులు, పోపుల డబ్బా, కొంగుముడి వెదకండి. అంగడిలో చిల్లరకు బదులు చాక్లెట్టు ఇచ్చిన పుచ్చుకొనక రూపాయినే అడగండి. కళ్ళములో ఊడ్చిన గింజలు, ఖాళీ గోనెసంచులు, గట్టు మీది కంది, పెరటి కూరగాయలు, మిగులు పాలు – వీటి పైకమును రోజు ఖర్చులో కలపక విడిగా ఉంచండి. అయితే పురుగుమందు ఖాళీ డబ్బాలను మాత్రము ఎవరికిని అమ్మరాదు. వాటిని కడిగి, చిల్లులు పొడిచి, నీటి వనరులకు దూరముగ పూడ్చవలెను.

రూపాయితో మొదలిడిన స్త్రీలు

చిల్లరతో ఏమగునని అనుకొనువారు నెల్లూరు జిల్లా సంగతి తెలిసికొనవలెను. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమము జిల్లా అంతట వ్యాపించినది. అటు పిమ్మట ఆ స్త్రీలే దినమునకు ఒక రూపాయి చొప్పున దాచి పొదుపు లక్ష్మి సంఘములు కట్టుకొనిరి. సారా అంగడికి పోవుచుండిన రూపాయి సంఘపు పెట్టెలోనికి వచ్చినది. మనకు దగ్గరలోనే, కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలములో పొదుపు లక్ష్మి సంఘములు ఐక్య సంఘముగా ఏర్పడి పేరు పొందినవి. నాబార్డు 1992లో స్వయం సహాయక సంఘములను బ్యాంకులతో కలుపు పని ప్రారంభించినది. ఒక్కరు దాచిన చిల్లర ఒక ఇంటి అవసరమునకే సరిపోవును. సంఘముగా దాచినచో అది బ్యాంకు అప్పునకు కూడ దారి చూపును.

ఎక్కడ దాచవలెను?

మట్టి హుండీ నెల రోజులకు మాత్రమే మంచిది. గరిసెలోను, గోడగూటిలోను దాచిన నోట్లను ఎలుకలు కొరుకును, చెదలు తినును. 2016 నవంబరు 8న పాత 500, 1,000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు ఇంట దాచుకొన్నవారు ఎంత తిప్పలు పడిరో మీకు తెలిసినదే.

నెలకొకసారి హుండీ పగులగొట్టి, పంట అవసరముల కొరకు ఉంచు సొమ్మును బ్యాంకు లేక తపాలా పొదుపు ఖాతాలో వేయండి. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతాలో కనీస నిల్వ నిబంధన లేదు. పిల్లల చదువు వంటి దూరపు అవసరములకు తపాలా కార్యాలయములోని ఐదేండ్ల రికరింగు డిపాజిట్టు తగినది. దీనిలో నెలకు 100 రూపాయలు మొదలుకొని కట్టవచ్చును. నెలకు 300 రూపాయల చొప్పున 60 నెలలు కట్టిన, అసలే 18,000 రూపాయలగును. వడ్డీ దానిపై అదనము. రిజిస్టరు కాని చీటీలలో చిల్లర పోయరాదు.

నాణెముల విషయము

పది రూపాయల నాణెము చెల్లదని కొందరు తిరస్కరించుచుందురు. అది వట్టి పుకారు. అన్ని రకముల పది రూపాయల నాణెములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018లో కూడ ప్రకటించినది. 50 పైసల నాణెము చెల్లును. 25 పైసలు, అంతకు తక్కువవి 2011 జూన్ 30 నుండి చెల్లవు. నాణెములను విలువల వారీగా వేరు చేసి, ఎంచి, సంచులలో కట్టి తీసికొనిపోయినచో బ్యాంకులో పని త్వరగా జరుగును.

దుక్కిలో పాత నాణెములు గాని, నగలు గాని బయటపడినచో అవి చిల్లర లెక్కలోనికి రావు. 1878 నిధి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికిన, కలెక్టరుకు తెలియజేయవలెను. దాచిపెట్టుట నేరము.

ఒక నియమము

ఈ సొమ్మును దేనికి తీయవలెనో ఇంటిల్లిపాది ముందే నిర్ణయించుకొనవలెను. పండుగ బట్టలకు, విందులకు దీనిని ముట్టరాదు. విత్తనము, మందు, పశువు జబ్బు, పిల్లల ఫీజు – ఈ నాలుగింటికే తీయవలెను. తీసినంత సొమ్ము పంట అమ్మిన నాడే తిరిగి వేయవలెను. పొదుపు పుస్తకమును ఇంటి ఆడవారి చేతికిచ్చి, నెలకొకసారి అందరు కూర్చుండి లెక్క చూచుకొనండి. ఈ నెల మొదటి దినముననే ప్రారంభించినచో వచ్చే పంటకు మందు కొరకు అప్పు చేయు అవసరము ఒక్కటైనను తప్పును.