వానకాలములో ఇంజను మిస్సింగు

రాత్రి కురిసిన వాన తెరపి ఇచ్చినది. ఆకు ఆరగానే, మరల మబ్బు పట్టకముందే మందు చల్లవలెనని పెట్రోలు స్ప్రేయరును తీసినారు. ఇంజను స్టార్టు కాదు. అయినను తప్పి తప్పి నడచును. వెంటనే కార్బురేటరును విప్పవద్దు. ముందు స్పార్కు ప్లగ్గును చూడుడు.

కారణము: ప్లగ్గుకు వేల వోల్టుల విద్యుత్తు వచ్చును. అది సిలిండరు లోపల, ప్లగ్గు మొనల నడుమ నిప్పురవ్వగా దుముకవలెను. ప్లగ్గు పింగాణిపై తడి, దుమ్ము చేరినచో విద్యుత్తు పైపైననే ఇంజను లోహములోనికి జారిపోవును. లోపల రవ్వ పుట్టదు.

గుర్తించుట: ఇంజను వేడెక్కి తడి ఆరిన కొలదిని సర్దుకొన్నచో దోషము చాలవరకు తేమదే. పొడి ఎండలోను మిస్సింగు మానకున్నచో వేరు కారణము వెదకవలెను. చీకటిలో, నడుచుచున్న ఇంజను ప్లగ్గుపై నీలి రవ్వలు ప్రాకుట కనబడినచో సందేహము తీరును. చేయి తగిలించరాదు. పెట్రోలు ఒలికినచోట ఈ పరీక్ష తగదు.

చేయవలసినది: ఇంజను ఆపి చల్లారనీయుడు. తీగను గాక టోపీని పట్టి లాగుడు. పింగాణిని, టోపీ లోపలిని పొడిగుడ్డతో తుడిచి ఆరనీయుడు. పింగాణి పగిలినచో ప్లగ్గును, తొడుగు చిట్లినచో తీగను మార్చవలెను. ప్లగ్గును విప్పుటకు ముందు చుట్టునున్న మట్టిని తుడువుడు. లేనిచో అది సిలిండరులో పడును.

ఇంజనును కడుగునపుడు ప్లగ్గుపై నీరు పోయరాదు. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు గనుక ఈ పద్ధతి దానికి వర్తించదు.

స్ప్రేయరు వెంట ఒక పొడిగుడ్డ ఉంచుకొనుడు. మందు చల్లు అదను తప్పదు.