పాత చిత్రములో మోటారు బండి

పెట్టె అడుగున దొరకిన పాత ఛాయాచిత్రమును చేతికి తీసికొనగానే మన చూపు మొదట మనుష్యులమీదికి పోవును. వారి వెనుక నిలిచిన మోటారు బండిని ఎవరును పట్టించుకొనరు. కాని చిత్రముపై తేదీ లేనపుడు ఆ బండియే మనకు సాక్షి. అయితే సాక్షిని ప్రశ్నించు విధము తెలియవలెను.

మొదట చిన్న గుర్తులను చూడవలెను. అమెరికాలోని ఫోర్డు కంపెనీ 1908 మొదలు 1927 వరకు 'మోడల్ టి' అను బండిని కోటి యేబది లక్షలకు పైగా తయారుచేసెను. దూరమునుండి చూచువారికి అవన్నియు ఒక్కతీరుగనే తోచును. అయినను 1916 నమూనా వరకు ముందరి రేడియేటరు ఇత్తడిది; 1917 నమూనా నుండి నల్లనిది. కావున నల్ల రేడియేటరు గల బండితో తీసిన చిత్రము 1914 నాటిది కాజాలదు. ఇత్తడి రేడియేటరు కనబడినంతమాత్రమున అది 1916కు ముందరి చిత్రమే యనియు చెప్పరాదు. యజమాని తన పాత బండిని ఎన్నియేండ్లయినను వాడుకొనవచ్చును గదా! చిత్రము ఏ యేటికి ముందరిది కాదో బండి చెప్పగలదు. ఏ యేటికి తరువాతిది కాదో చెప్పలేదు.

చిత్రము సైతము ఒక్కొక్కప్పుడు మోసగించును. ఫలకమును తిరగవేసి ముద్రించినచో కుడి ఎడమ యగును. స్టీరింగు చక్రము రెండవ ప్రక్కకు మారును. అట్టి సందేహము కలిగినపుడు నంబరు పలకను చూడవలెను. దానిపై అక్షరములు అద్దములోవలె తిరగబడి కనబడును. మరియు నాటి ఫలకములపై ఎరుపు నల్లగను, నీలము తెల్లగను పడుచుండెడిది. కావున బండి రంగును చిత్రమును బట్టి నిర్ణయింపరాదు.

వింత బండ్ల విషయమున మరింత జాగరూకత వలయును. కలకత్తాలో నివసించుచుండిన మాథ్యూసన్ అను స్కాట్లండు దేశీయునికొరకు ఇంగ్లండులోని బ్రూక్ కంపెనీ 1910 ప్రాంతమున ఒక బండిని నిర్మించెను. దాని ముందుభాగము పెద్ద హంస. ముక్కునుండి ఆవిరి చిమ్ముచుండెను! వీధులలో జనులు కలవరపడుటచే పోలీసులు దానిని తిరుగనీయలేదు. పిదప నాభా మహారాజు దానిని కొనెను. దానికి జతగా విద్యుత్తుతో నడచు చిన్న హంసబండి యొకటి చేయబడెను. నేడు రెండును నెదర్లాండ్సు దేశమున హేగు నగరపు లౌమన్ మ్యూజియములో నున్నవి. కావున చిత్రమున హంస మెడ కనబడగానే "ఇదే కలకత్తా బండి" యనుట తొందరపాటు. ప్రక్కన నిలిచిన మనిషి ఎత్తుతో బండిని పోల్చి చూచినగాని అది పెద్ద హంసయో, పిల్ల హంసయో తేలదు.

చిత్రము వెనుక తప్పు పేరు వ్రాసినచో, దానిని నమ్మినవారందరును ఆ తప్పునే వ్రాయుదురు. కావున కనీసము రెండు గుర్తులు ఏకీభవించిన పిమ్మటనే పేరు వ్రాయవలెను. లేనిచో ఆ చోటును ఖాళీగా విడుచుట మేలు. ఖాళీని రేపు మరియొకరు నింపగలరు. పాతుకొనిన తప్పును తొలగించుట కష్టము.