ఎథోస్, ఏథోస్: ఆచారమా, శీలమా?





గోరంట్లలో పెళ్ళి మాటలకు కూచున్నా, చావింటికి పోయినా ఒక మాట వినిపిస్తుంది: "మన ఆచారం అది." ఆ మాట పడిందంటే ఇంకెవరూ నోరెత్తరు. దీక్ష తీసుకున్న ఇండ్లలో కూడా ముహూర్తం చూపిస్తారు, దిష్టి తీస్తారు. ఎందుకయ్యా అంటే అదే జవాబు. అందుకే ఈసారి పాఠానికి ఒక పాత గ్రీకు మాటను తీసుకున్నాం. ఎక్కడి గ్రీకు, ఎక్కడి గోరంట్ల అనుకోవద్దు.

అవి నిజానికి రెండు మాటలు. ఎథోస్ అంటే అలవాటు, ఆచారం. ఏథోస్ అంటే మనిషి గుణం, నడత. తేడా మొదటి అచ్చులోనే ఉంది. గ్రీకులో ఎ, ఏలకు వేరు వేరు అక్షరాలున్నాయి, మనకూ ఉన్నాయి. ఇంగ్లీషులో రాస్తే మాత్రం రెండూ ఒకటే అయిపోతాయి. పాత గ్రీకు కావ్యాల్లో ఏథోస్‌కు ఇంకో అర్థం ఉంది: పశువులు అలవాటుగా మసిలే చోటు. పొద్దుగూకితే ఎవరూ తోలకపోయినా ఎనుము తన కొట్టానికి తానే వస్తుంది చూడండి, అదీ ఆ మాట పుట్టిన తావు.

క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఈ రెంటినీ ముడివేశాడు. అలవాటులోంచే గుణం పుడుతుంది, పేర్లలో కూడా తేడా కొంచెమే అన్నాడు. ఇల్లు కట్టీ కట్టీ మేస్త్రీ అవుతాడు. ధర్మవరంలో మగ్గం గుంతలో కూచుని నేసీ నేసీ నేతగాడవుతాడు, అట్లాంటిదే. న్యాయంగా నడిచీ నడిచీ న్యాయవంతుడవుతాడు. మంచితనం ఎవరికీ పుట్టుకతో రాదు.

బాగుంది కదా? కానీ అదే అరిస్టాటిల్ ఇంకో గ్రంథంలో కొందరు పుట్టుకతోనే బానిసలని వాదించాడు. తన మాటను తానే చివరిదాకా నిలబెట్టుకోలేదు. ఆయనకంటే ముందే మన దేశంలో అగ్గిక భారద్వాజుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి "వసలుడు" అని, అంటే నీచుడని పిలిచాడు. వసలుడు పుట్టుకతో కాడు, చేసే పనులతో అవుతాడని బుద్ధుడు వివరించి చెప్పాడు. ఆ సుత్తం పేరే వసల సుత్తం.

పాళీలో సీలం అన్న మాటకు కూడా అలవాటు, స్వభావం అనే అర్థాలున్నాయి. దానసీలుడంటే ఇవ్వడం అలవాటైనవాడు. మనం పంచశీలలో ప్రతి శీలాన్నీ సిక్ఖాపదం అంటాం. అది పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాదు, మనం ఒప్పుకొని చేసే సాధన. మగ్గం పనిలాగే, రోజూ కూచోవాల్సిందే.

మరి ఆచారాల సంగతి? గుత్తి దగ్గర ఎర్రగుడి బండల మీద అశోకుడి 14 పెద్ద శాసనాలూ ఉన్నాయి. పిల్లల్ని తీసుకుపోయి చూపించండి. తొమ్మిదోది దీని గురించే. జబ్బు చేస్తే, పెళ్ళయితే, బిడ్డ పుడితే, ప్రయాణం కడితే జనం ఏవేవో మంగళాలు చేస్తారు, వాటి ఫలం కొంచెమే అంటాడు. ధమ్మ మంగళం వేరే ఉందంటాడు: బానిసలతో, పనివాళ్ళతో సరిగా మెలగడం, గురువులను గౌరవించడం, ప్రాణుల పట్ల నిగ్రహం, దానం. చూడండి, అందులో ముహూర్తం లేదు, మనుషులున్నారు. 1958లో కందహార్‌లో దొరికిన అశోకుడి శాసనంలో ధమ్మాన్ని గ్రీకులో యుసెబెయా అన్నారు, అంటే భక్తి, గౌరవం. నన్నడిగితే ఏథోస్ ఇంకా దగ్గరి మాట.

1936లో బాబాసాహెబ్ "కుల నిర్మూలన"లో నియమానికీ సూత్రానికీ తేడా చెప్పారు. నియమం చెప్పినట్టు అలవాటుగా చేసేది. సూత్రం మంచిచెడ్డలు మనమే తూచుకొని నడిచేది. టీ అంగడిలో రెండు గ్లాసులు కూడా ఒకప్పుడు "ఆచారమే". దాన్ని తప్పన్న మనం, మాల ఇంట్లో మాదిగ బిడ్డ కోడలిగా వస్తానంటే ఏమంటున్నాం? చాలాచోట్ల అదే మాట: "మన ఆచారం కాదు." త్రిశరణాలు చెప్పిన నోటితోనే. ఈ మాట రాయడానికి కష్టంగానే ఉంది.

పౌర్ణమికి విహారానికి వచ్చేటప్పుడు ఒక కాగితం తెచ్చుకోండి. ఈ నెలలో ఆచారమని చేసినవి ఒకవైపు, ఆచారం కాదని మానుకున్నవి ఇంకోవైపు రాయండి. ఎవరింట్లో అన్నం తినలేదో, ఎవర్ని ఇంట్లోకి రమ్మనలేదో అది కూడా రాయండి. పేర్లు చదవం. ఒక్కొక్కటి తీసుకొని మాట్లాడుకుందాం.